తుపాకికి ఊత

మా మేనల్లుడు తణుకులో పుట్టి పెరిగి అమెరికాలోని కొలరాడోలో స్థిరపడ్డాడు. అక్కడ జింకల వేటకు చట్టం ఒప్పుకుంటుంది గాని, ఎవరు పడితే వాళ్లు ఎన్ని పడితే అన్ని కొట్టడానికి లేదు. శిక్షణ తరగతి పాసవ్వాలి. లైసెన్సు కోసం లాటరీలో పేరు రావాలి. తుపాకి సీజన్లో ఒంటిమీద మెరిసే నారింజ రంగో గులాబి రంగో బట్ట కనీసం 500 చదరపు అంగుళాలు ఉండాలి. అవన్నీ అయ్యాక నాకు ఫోన్ చేశాడు.

"మామయ్యా, కొండల్లో రెండ్రోజులు నడవాలి. తుపాకికి ఊత ఏది పట్టుకెళ్లమంటావ్?"

నన్నెందుకు అడిగాడంటే, కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ రైఫిల్ కాల్చినవాణ్ణి నేను. ప్రాణి మీద మాత్రం ఒక్క గుండూ పేల్చలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆపైన 1991 సవరణ మన దేశంలో జింకల వేటకు తలుపులు మూసేశాయి. మూసెయ్యడమే న్యాయమని నా నమ్మకం. పాపికొండల్లో రాత్రిపూట దుప్పి కళ్లల్లోకి లైటు కొట్టి కాల్చేవాణ్ణి వేటగాడని నేననను. అయినా మేనల్లుడు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పాలనిపించింది. గురి కుదరని గుండు జింకను చంపదు, గాయపరుస్తుంది. గాయపడ్డ జింక పొదల్లో పడి రెండ్రోజులు చస్తుంది. ఊత గురించిన ఆలోచన మొదలయ్యేది అక్కడ.

ఒక లెక్క చూడండి. రైఫిల్ పొడుగు సుమారు మీటరు. గొట్టం కొస ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే, 200 మీటర్ల అవతల గుండు 20 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పు కూడా ఇంచుమించు అంతే. చేతిలో ఆ మిల్లీమీటరు వణుకు లేని మనిషిని నేను చూడలేదు.

ఎన్‌సీసీలో మా టార్గెట్ 25 గజాల దూరంలో ఉండేది. బోర్లా పడుకోవాలి, ముందు ఇసక బస్తా. మొదటి రోజు నా అయిదు గుళ్లూ అయిదు దిక్కులకు పోయాయి. మా ఉస్తాద్ వచ్చి నా ఎడమ మోచెయ్యి పట్టుకుని, సరిగ్గా తుపాకి కిందికి జరిపాడు. కండతో పట్టుకోకు, ఎముక మీద పెట్టు అన్నాడు. కండ కాసేపటికే అలిసి వణుకుతుంది, ఎముక అలవదు. ఆ ముక్క అర్థం కావడానికి నాకు మా తాటితోపు గుర్తొచ్చింది. గీత కార్మికుడు చేతుల బలంతో చెట్టు మీద నిలబడడు. మోకుకి నడుం ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వదిలేసి, రెండు చేతులూ కత్తికీ కుండకీ ఖాళీగా ఉంచుకుంటాడు. తుపాకి పట్టే మనిషి చెయ్యాల్సిందీ అదే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన మన హైదరాబాదు గగన్ నారంగ్ కాల్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. ఆ పోటీలో నిలబడే కాల్చాలి, ఏ బస్తా మీదా ఆనించకూడదు. ఆ ఆటగాళ్లు ఎడమ మోచేతిని తుంటి ఎముక మీద ఆన్చుకుంటారు. అంటే మొదటి ఊత మన ఒంట్లోనే ఉంది.

ఎంత నేలకి దగ్గరైతే అంత నిలకడ. పడుకుంటే అన్నిటికన్నా మేలు, తర్వాత కూర్చోవడం, తర్వాత మోకాలి మీద. నిలబడి కాల్చడం గత్యంతరం లేనప్పుడే. కానీ కొండవాలులో, మోకాలెత్తు పొదల్లో పడుకుంటే జింక కనపడదు, గడ్డే కనపడుతుంది. దుకాణంలో ముచ్చటగా ఉండే రెండు పొట్టి కాళ్ల బైపాడ్ అక్కడే ఓడిపోతుంది. చదును నేల మీద దానికి సాటి లేదు. కొండలో చదును నేల ఎక్కడిది? మూడు కాళ్లది ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు, మన ముక్కాలి పీటలాగే. దాని చిక్కల్లా బరువు. పది వేల అడుగుల ఎత్తులో గాలి పలచన, ప్రతి అరకిలో భుజానికి తెలుస్తుంది. గోదావరి మట్టంలో పెరిగిన ఊపిరితిత్తులకైతే మరీను.

అందుకని వాడికి మూడు మాటలు చెప్పాను. నడక కోసం ఎలాగూ చేతికర్రలు రెండు పట్టుకెళ్తావు, వాటిని పైన తాడుతో కత్తెరలా కట్టు. కూర్చున్నప్పుడు ముందు ఊత అదే. పడుకునే వీలుంటే వీపు మీది సంచి దించి దాని మీద పెట్టు. ఏదైనా సరే, చెక్క భాగమే ఆనాలి, గొట్టం ఆనకూడదు. గొట్టం దేనికైనా తగిలితే గుండు దారి తప్పుతుంది. రాయి మీదో చెట్టుకొమ్మ మీదో నేరుగా పెడితే పేలినప్పుడు తుపాకి ఎగిరిపడుతుంది, మధ్యలో టోపీయో మడిచిన తువ్వాలో వెయ్యి.

చాలామంది మర్చిపోయేది వెనక ఊత. ముందు ఎంత గట్టిగా ఆనించినా, భుజం దగ్గర తుపాకి మడమ గాలిలో ఉంటే గురి పైకీ కిందికీ ఈదుతూనే ఉంటుంది. మడమ కింద చిన్న సంచి పెట్టి, దాన్ని గుప్పిటతో నొక్కితే గురి దిగుతుంది, వదిలితే లేస్తుంది. నా అనుభవంలో ముందు కాళ్లకి పెట్టే డబ్బు కన్నా ఈ గుప్పెడు సంచే ఎక్కువ పనిచేస్తుంది. కుదురుకున్నాక ఒకసారి కళ్లు మూసి తెరవాలి. గురి పక్కకి పోయి ఉంటే చేతులతో లాక్కురాకూడదు, ఒళ్లే జరుపుకోవాలి. సగం ఊపిరి వదిలి, ఆ నిశ్శబ్దంలో మీట నొక్కాలి.

వేటకి ముందు ఇంకో పని చెయ్యమన్నాను. 20 సెంటీమీటర్ల కాగితం టిఫిన్ ప్లేటు పెట్టి, కొండలో వాడబోయే ఊత మీదనుంచే కాల్చు. ఎంత దూరం నుంచి అన్ని గుళ్లూ ప్లేటులో పడితే అంతే నీ దూరం. అంతకు అడుగు అవతల ఉన్న జింక నీది కాదు.

నన్నయ మా తణుకులో యజ్ఞం చేశాడని మా ఊళ్లో చెప్పుకుంటారు. ఆయన తెనిగించిన ఆదిపర్వంలో పాండురాజు వేసిన బాణానికి గురి తప్పలేదు. జంటగా ఉన్న లేళ్ల మీద వేశాడు, శాపం తగిలింది. వాడికి ఈ కథ చిన్నప్పుడే చెప్పాను, మళ్లీ చెప్పలేదు.

కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతుల్ని ఫొటో తీసేవాళ్లకీ ఈ విద్యే కావాలి. పొడుగు లెన్సు వణుకుని తుపాకి అంత నిర్దయగానే బయటపెడుతుంది. అక్కడికి వెళ్లినప్పుడల్లా నేను గింజలు నింపిన సంచి ఒకటి పట్టుకెళ్తాను. మేనల్లుడి కోసం అలాంటిదే చిన్నది, మందపాటి ఖద్దరుతో మా వీధి టైలరు చేత కుట్టించి, ఖాళీగానే పంపించాను.

"ఏం నింపమంటావ్ మామయ్యా?"

"బియ్యం. కిలో చాలు. నిండా నింపకురా, ముప్పాతిక దగ్గర ఆపి కుట్టెయ్. నిండితే రాయవుతుంది, తుపాకి జారుతుంది."