ఇంటిల్లిపాదీ గాలం వేయాలంటే

గాలంతో చేపలు పట్టడం చెరువో, కాలువో, వాగో ఉన్న ప్రతి తెలుగు ఊరికీ తెలిసిన విద్య. వల విసరాలంటే భుజబలం కావాలి, ఏళ్ల సాధన కావాలి. మావులు పెట్టడం, ఊత వేయడం బెస్తలు, ముదిరాజులు, గంగపుత్రులు తరతరాలుగా చేసుకొస్తున్న పనులు. గాలానికి అంత సరంజామా అక్కర్లేదు. సన్నటి వెదురు కర్ర, దారం, బెండు, కొక్కెం, కాస్త ఎర ఉంటే ఎనిమిదేళ్ల పిల్లకూ, డెబ్బై ఏళ్ల తాతకూ ఒకే గట్టున చోటు దొరుకుతుంది. ఒక్కో విసురుకు ఒక్క చేపే పడుతుంది కాబట్టి చెరువు ఖాళీ అవుతుందన్న బెంగా లేదు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరిట వెలసిన ‘మానసోల్లాసం’ రాజవినోదాల సరసన మత్స్యవినోదానికీ చోటిచ్చింది. చేపల జాతులు, వాటికి వేసే మేత, గాలం వేసే తీరు అందులో కనిపిస్తాయి. తెలంగాణలో చాలా భాగం ఆనాడు ఆ చాళుక్యుల ఏలుబడిలోనే ఉండేది.

కుటుంబంతో వెళ్లేటప్పుడు అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది చోటు. చేపలు ఎక్కడ ఎక్కువ పడతాయన్నది తర్వాతి మాట. పిల్లవాడు కాలు జారితే మోకాలి లోతులో పడతాడా, నిలువు లోతులో పడతాడా అన్నది ముందు చూడాలి. ఆ లెక్కన ఊరి చెరువే మేలు. అయితే చెరువంతా ఒకేలా ఉండదు. తూము తెరిచి ఉంటే పైకి ఏమీ కనిపించకపోయినా అడుగున నీరు గట్టిగా లాగుతుంది. అలుగు మీద, అంటే తెలంగాణవారి మత్తడి మీద, పలచగా పారే నీటి కింద పాచి పేరుకుని ఉంటుంది; పెద్దవాళ్లే నిలదొక్కుకోలేరు. కట్టకు నీటివైపు పేర్చిన రాళ్ల సందులు పాములకు నెలవు. ఇక మిగిలింది శిఖం వైపు, నీరు మెల్లగా పలచబడుతూ పొలాల దగ్గర ఆగే వైపు. కూర్చోవడానికి అదే తగిన చోటు.

అక్కడా ఒక గండం ఉంది. పొలాలకూ, ఇటుక బట్టీలకూ, రోడ్లకూ మట్టి తవ్వుకుపోయిన గుంతలు వానలు పడగానే నీటి కింద దాగిపోతాయి. మోకాలి లోతులో నడుస్తున్న మనిషి ఒక్క అడుగు తేడాతో తల మునిగే లోతులోకి వెళ్లిపోతాడు. అందుకే ఎండాకాలంలో, నీరు అడుగంటినప్పుడు, చెరువును ఒకసారి తిరిగి చూసి రావాలి. ఏ గుంత ఏ చెట్టుకు సూటిగా ఉందో గుర్తుపెట్టుకుంటే తర్వాత పిల్లల్ని అటు పోనివ్వకుండా కాపాడుకోవచ్చు. ఆ చూపు వేటకూ పనికొస్తుంది. నీరు తగ్గేకొద్దీ చేపలు చేరేది ఆ లోతులకే.

కాలువల సంగతి వేరు. ధవళేశ్వరం నుంచి నీరందుకునే గోదావరి డెల్టా కాలువలకు చాలాచోట్ల మట్టి గట్లు, మెట్ల రేవులు ఉన్నాయి. నీరు నిదానంగా ఉన్న రోజున, రేవు పక్కన నీడలో కూర్చుని గాలం వేయడం ఆ ఊళ్లలో మామూలే. సిమెంటు లైనింగ్ వేసిన పెద్ద కాలువల దగ్గరికి మాత్రం పిల్లలతో వెళ్లనే కూడదు. ఏటవాలు గోడలకు నాచు పట్టి ఉంటుంది, చేతికి పట్టు దొరకదు, ఈత బాగా వచ్చినవారు కూడా పైకి ఎక్కలేక ప్రవాహంతో కొట్టుకుపోతారు. ఆనకట్టలకు దిగువన నదిలో బండల మీద కూర్చోవడం అంతకంటే ప్రమాదం. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, లార్జి డ్యాం నుంచి వదిలిన నీటిలో హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు దిగినప్పుడు నది ప్రశాంతంగానే ఉంది. ఎగువన గేట్లున్న ఏ నదికైనా ఇదే వర్తిస్తుంది. సైరన్ వినపడితే లేద్దాంలే అనుకుని కూర్చోకూడదు.

చోటు కుదిరాక అనుమతి. చాలా చెరువుల్లో చేపలు పట్టే హక్కు మత్స్యకార సహకార సంఘాలకో, పాటలో దక్కించుకున్నవారికో ఉంటుంది. పిల్ల చేపలు వదిలి పెంచుకున్నది వాళ్లు. ఒక మాట అడిగితే గాలానికి సాధారణంగా కాదనరు. ఎక్కడ లోతుందో, ఈమధ్య ఏ చేప తిరుగుతోందో కూడా వాళ్లే చెబుతారు. అడగకుండా కూర్చోవడం వాళ్ల కష్టార్జితం మీద చేయి వేయడమే. కొల్లేరు, మంజీర వంటి అభయారణ్యాల్లో అటవీశాఖ నిబంధనలు వర్తిస్తాయి కాబట్టి అలాంటి చోట్లను సరదా వేటకు ఎంచుకోకపోవడమే మంచిది. విషం కలపడం, మందుగుండు పేల్చడం 1897 నాటి భారత మత్స్య చట్టం నాటినుంచీ నేరాలే.

కాలం విషయానికొస్తే మృగశిర కార్తెకు చేపలు తినడం తెలుగువారి ఆనవాయితీ. పట్టుకోవడానికి మాత్రం అది అంత మంచి అదను కాదు. తొలకరికి కొత్తనీరు రాగానే చేపలు ఎదురెక్కుతాయి, గుడ్లు పెడతాయి. వాగులు ఉన్నట్టుండి పొంగేదీ, పిడుగులు పడేదీ అప్పుడే. వానలు వెనకబట్టి నీరు తేరుకున్నాక, దసరా దాటినప్పటి నుంచి శివరాత్రి దాకా, ఇంటిల్లిపాదీ వెళ్లడానికి అనువైన కాలం. చలి రోజుల్లో ఎండ కాస్త ఎక్కాకే చేప కదులుతుంది. ఎండాకాలంలో వెళితే పొద్దున, సాయంత్రం తప్ప మధ్యాహ్నం పనికిరాదు. నీరు బాగా పచ్చగా ఉన్న చెరువులో తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలితో అనుకోకూడదు. రాత్రంతా నీటిలో ఆక్సిజన్ తగ్గిపోయి గాలి కోసం తపిస్తుంటాయి. అప్పుడు ఎరను ముట్టవు.

గాలపు కర్రకు సన్న వెదురును మించింది లేదు. కోసి, నీడన ఆరబెట్టి, వంకరలుంటే నిప్పు సెగకు చూపి సరిచేస్తారు. పెద్దవాళ్లకు ఎనిమిది నుంచి పది అడుగులు, పిల్లలకు ఐదారు అడుగులు చాలు. దారం కర్రంత పొడవే ఉండాలి. అప్పుడు చేప లేచినప్పుడు నేరుగా చేతికి వస్తుంది, దారం చిక్కుపడదు. రీలు ఉన్న ఫైబర్ కర్రలు పెద్ద జలాశయాల్లో పనికొస్తాయి గానీ నేర్చుకునే పిల్లల చేతికి వెదురే ఇవ్వాలి. చేప లాగిన ప్రతి కదలికా అరచేతికి తెలుస్తుంది. కొక్కేనికి లోపలివైపు ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేస్తే చేప కొంచెం సులువుగా తప్పించుకుంటుంది. కానీ పిల్లవాడి వేలికి గుచ్చుకున్నా అంతే సులువుగా బయటికి వస్తుంది. ఈ బేరం కుటుంబాలకు లాభమే. సీసం గుండును పళ్లతో నొక్కే అలవాటు మానాలి, ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా అన్నం తినకూడదు. సీసం పిల్లలకు విషం.

ఈ విద్యంతా బెండులో ఉంది. నెమలి ఈక కాడ, జీలుగు బెండు, అరిగిన హవాయి చెప్పు ముక్క, ఏదైనా సరే. తెలుసుకోవాల్సింది దాన్ని ఎంత ఎత్తున కట్టాలన్నదే. అది చేప నోటిని బట్టి ఉంటుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. నీటి పైపొరల్లో మేస్తుంది. శీలావతి, అంటే రోహు, నడిమి నీటిలో తిరుగుతుంది. ఎర్రమోసు నోరు కిందికి ఉంటుంది. అడుగు బురదను వెతుకుతుంది. జెల్ల, మార్పు, ఇంగిలాయి కూడా అడుగువే. అందుకే ముందు లోతు చూస్తారు. కొక్కేనికి బరువైన గుండు తగిలించి వేసినప్పుడు బెండు మునిగిపోతే అక్కడ లోతు ఎక్కువని అర్థం. బెండును కొంచెం కొంచెంగా పైకి జరుపుతూ పోతే ఒకచోట దాని మొన మాత్రమే నీటి పైన నిలుస్తుంది. అది అడుగు లెక్క. అక్కడి నుంచి బెండును కిందికి జరుపుకుంటూ ఏ చేపకు ఏ మట్టం కావాలో ఎరను ఆ మట్టంలో వేలాడదీయవచ్చు.

ఎర కూడా ఆ లెక్కనే. అడుగు చేపలకు వానపాము. తడి మట్టిలో తవ్వి, కాస్త మట్టితోనే కొబ్బరి చిప్పలో ఉంచితే రోజంతా బతుకుతుంది. బొచ్చెకు, శీలావతికి వేరుశనగ చెక్క పొడి, తవుడు, గోధుమపిండి కలిపి గట్టిగా పిసికిన ముద్ద. నీటిలో పడగానే కరిగిపోకుండా, కొక్కెం మొన దాగేంత చిన్నదిగా ఉండాలి. పరిగెలకు అన్నం మెతుకు చాలు. పిల్లల మొదటి చేప సాధారణంగా పరిగే అవుతుంది కాబట్టి ఒక కర్రను వాటికే కేటాయించడం మంచిది.

బెండు చెప్పే కబురు చదవడం నేర్పేది ఓపిక. టకటకా చిన్నగా ఎగిరితే పరిగెలు కొరుకుతున్నట్టు. నిలువుగా ఉన్నది ఒక్కసారిగా పక్కకు పడుకుంటే అడుగు చేప ఎరను నోట పట్టి పైకి లేపిందన్నమాట. గుండు బరువు పోయి బెండు వాలిపోతుంది. ఒక పక్కకు నడుస్తూ మునిగితే పెద్దదే. అప్పుడే లాగాలి, అదీ మణికట్టు విదిలింపుతో. భుజమంతా ఊపి లాగితే కొక్కెం వెనకున్నవారి ముఖం మీదికి వస్తుంది. గట్టున కర్రకూ కర్రకూ మధ్య కనీసం కర్రన్నర ఎడం ఉంచేది, తలపైన కరెంటు తీగలు లేవని చూసుకునేది ఇందుకే.

అన్ని జాగ్రత్తల్లోకీ ముఖ్యమైనది ఒకటుంది. పిల్లలున్న చోట ఒక పెద్దమనిషి చేతిలో గాలం ఉండకూడదు, ఫోనూ ఉండకూడదు. చూస్తూ ఉండటమే ఆ మనిషి పని. గంటకొకరు వంతులు మార్చుకోవచ్చు. ఈత రాని పిల్లలకు లైఫ్ జాకెట్ తొడగాలి. మూత బిగించిన ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాకు పొడవాటి తాడు కట్టి గట్టున ఉంచితే అదే ప్రాణరక్షణ సాధనం. ఎవరైనా పడితే దాన్ని విసరాలి. తాడు లేకపోతే చీరో, పంచో, గాలపు కర్రో అందించాలి. ఈత రానివారు వెంట దూకితే ఒకరికి ఇద్దరు మునిగిపోతారు. ఉరుము వినపడగానే కర్రలు కింద పెట్టి పక్కా ఇంట్లోకో కారులోకో చేరాలి, చెట్టు కిందికి కాదు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా తిరిగి రాకూడదు.

గడ్డిలో నడిచేటప్పుడు బూట్లు, చేతిలో కర్ర ఉండాలి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకూడదు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. జెల్ల, ఇంగిలాయి, మార్పు చేపల చెంపల పక్క ముళ్లు గుచ్చుకుంటే విపరీతమైన సలుపు. వీటిని ఒట్టి చేత్తో కాకుండా తడిగుడ్డతో పట్టి, పట్టకారుతో కొక్కెం తీయాలి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో చేయి ఉంచితే బాధ తగ్గుతుంది. కొక్కెం కంటి దగ్గర దిగితే ఇంట్లో ప్రయత్నాలు చేయక డాక్టరు దగ్గరికే వెళ్లాలి. గాయం ఏదైనా ధనుర్వాతం సూది గుర్తుంచుకోవాలి.

పట్టినవన్నీ ఉంచుకోవాల్సినవి కావు. వేలెడంత బొచ్చె, శీలావతి పిల్లల్ని తడిచేత్తో తీసి నీటిలో వదిలేయాలి. తెలంగాణ రాష్ట్ర చేప కొరమీను విషయంలో ఇంకా పట్టింపు అవసరం. నారింజ ఎరుపులో మెరిసే పిల్లల గుంపు నీటి పైన తిరుగుతుంటే తల్లిదండ్రులు కిందే కాపలా ఉంటాయి, దగ్గరికి వచ్చిన దేనిమీదికైనా దూకుతాయి. అందుకే అప్పుడు గాలానికి ఇట్టే దొరుకుతాయి. వాటిని పడితే పిల్లలన్నీ మిగతా చేపల పాలవుతాయి. ఆ చోట గాలం వేయకూడదు. తెగిన నైలాన్ దారాన్ని గట్టున పారేయడం కొంగలకు, నీటికోళ్లకు ఉరితాడు వేయడమే. చుట్ట చుట్టి ఇంటికి తీసుకెళ్లాలి.

ఉంచుకున్న చేపను సంచిలో గిలగిలా కొట్టుకోనివ్వకుండా తలమీద ఒక్క దెబ్బతో చంపి, ఐసు పెట్టెలోనో, నీడన తడి గోనె కిందనో ఉంచాలి. కొరమీను, జెల్లల జిగురు బూడిదతో రుద్దితే పోతుంది. పొలుసు చేపలకు కల్లుప్పు వాడతారు. పరిగెలను కరకరలాడేలా వేయించుకుంటారు. బొచ్చె, శీలావతి ముక్కలు మట్టి దాకలో చింతపండు పులుసుకు బాగుంటాయి, మర్నాటికి ఇంకా బాగుంటాయి. ఎర్రమోసుకు, శీలావతికి కండలో సన్న ముళ్లు ఎక్కువ. కొరమీనుకు తక్కువ కాబట్టి చిన్నపిల్లల కంచంలో వేయాల్సింది ఆ ముక్కే.