ఒకే కప్పు కింద ముగ్గురు

చైనాలోని షాన్షీ రాష్ట్రంలో, దాతోంగ్ నగరానికి చేరువలో హెంగ్ కొండ ఉంది. దాని నిట్టనిలువు చరియను కరుచుకుని ఒక కొయ్య గుడి నిలబడి ఉంటుంది. రాతిలో తొలిచిన గుంతల్లోకి దూలాలు దిగ్గొట్టి వాటి మీద గదులు లేపారు. క్రీ.శ. 491లో దీనికి పునాది పడిందని చెబుతారు. పేరే వేలాడే గుడి. చూడడానికి వచ్చినవాళ్లు కింది లోయను చూసి గుండెలు చిక్కబట్టుకుంటారు గానీ అసలు వింత లోపల ఉంది. ఒక గదిలో నడుమ శాక్యముని బుద్ధుడు, అటూ ఇటూ లావోత్సే, కన్ఫ్యూషియస్ కూర్చుని ఉంటారు. ముగ్గురికీ ఒకటే ధూపం. తిక్కన కొలిచిన హరిహరనాథుడిలో శివకేశవులు ఒకే మూర్తిగా కలిసిపోయారు. ఇక్కడ ఎవరూ ఎవరిలోనూ కలవలేదు. ముగ్గురూ ముగ్గురుగానే ఉన్నారు.

మన పోటీ పరీక్షల గైడ్లలో ఈ మూడు మతాలకూ ఒక పట్టిక ఉంటుంది: స్థాపకుడు, గ్రంథం, ముఖ్య సిద్ధాంతం. మార్కులకు అది చాలు. కానీ పాతకాలపు చైనా గృహస్థును పట్టుకుని నీ మతమేదని అడిగితే ఏం చెప్పాలో అతనికి తోచేది కాదు. కచేరీలో కూర్చున్నప్పుడూ, తల్లిదండ్రుల ముందు నిలబడ్డప్పుడూ అతను కన్ఫ్యూషియస్ మనిషి. ఇంట్లో ఎవరైనా పోతే బౌద్ధ భిక్షువులు వచ్చి సూత్రాలు చదివేవాళ్లు. ఊరి దేవుడికి ఉత్సవం చేయాలన్నా, పట్టిన పీడ వదలగొట్టాలన్నా తావో పూజారికి కబురు వెళ్లేది. నమ్మకాల లెక్కలో చూస్తే ఇదంతా గందరగోళం. సాధనల లెక్కలో చూస్తే చిక్కు విడిపోతుంది. ఏది మనిషి చేత ఏం చేయిస్తుందన్నదే అడగాల్సిన ప్రశ్న.

స్థాపకుడన్న మాట కూడా ముగ్గురికీ ఒకేలా అతకదు. తన చేతులతో ఒక వ్యవస్థను కట్టి నిలిపినవాడు బుద్ధుడొక్కడే. సంఘాన్ని ఏర్పరచి, నియమాలు పెట్టి, 80వ ఏట కుశీనగరంలో కన్నుమూసే దాకా దాన్ని నడిపాడు. కన్ఫ్యూషియస్ తాను కొత్తగా కల్పించింది ఏమీ లేదనీ, పూర్వులది అందిస్తున్నాననీ చెప్పుకున్నాడు. ఇక లావోత్సే అనే మనిషి ఉన్నాడా అన్నదే తేలలేదు. క్రీ.పూ. 100 ప్రాంతంలో చైనా చరిత్ర రాసిన సీమా చియాన్ ఆయన కథ చెప్పాడు. జౌ రాజుల గ్రంథ భాండాగారానికి అధికారి. రాజ్యం క్షీణిస్తుంటే చూడలేక పడమటి దారి పట్టాడు. కనుమ దగ్గర కావలి అధికారి బతిమాలితే అయిదు వేల అక్షరాల పుస్తకం రాసిచ్చి, మళ్లీ కనిపించలేదు. ఇంత చెప్పిన చరిత్రకారుడే వెంటనే మరో ఇద్దరి పేర్లు తీసి, వీళ్లలో ఎవరైనా కావచ్చని వదిలేశాడు. 1993లో హూబే రాష్ట్రంలోని గువోదియన్‌లో, క్రీ.పూ. 300 ప్రాంతపు సమాధిలో ఆ పుస్తకానికి, అంటే తావో తే చింగ్‌కు, వెదురు బద్దల మీద రాసిన ప్రతి దొరికింది. అందులో ఇప్పటి తావో తే చింగ్‌లోని భాగాలు కొన్నే ఉన్నాయి, వరస కూడా వేరు. ఒక్క కూర్చోవడంలో ఒక్కడు రాసిన పుస్తకం కాదని చాలామంది పండితుల అభిప్రాయం.

ముగ్గురిలో మనకు బాగా దూరమైనవాడు కన్ఫ్యూషియస్. బుద్ధుడు మనవాడు. లావోత్సే పేరు మీద వాట్సాప్‌లో రోజుకో సూక్తి వస్తూనే ఉంటుంది. కన్ఫ్యూషియస్ అంటే మాత్రం పెద్దలకు దండం పెట్టమన్న మర్యాదల మాస్టారుగానే తెలుసు. నా దృష్టిలో మూడింటిలో కష్టమైన సాధన ఈయనదే. అందుకే ఈయన దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

క్రీ.పూ. 551లో లూ రాజ్యంలో, ఇప్పటి షాన్‌దోంగ్ రాష్ట్రంలోని చూఫూలో పుట్టాడు. పసితనంలోనే తండ్రి పోయాడు. చిన్నప్పుడు ధాన్యపు కొట్టు లెక్కలు రాశాడు, పశువుల మంద బాగోగులు చూశాడు. తర్వాత లూ రాజ్యంలో న్యాయాధికారి దాకా ఎదిగాడు. యాభై దాటాక కొలువు వదిలి, శిష్యులను వెంటబెట్టుకుని పద్నాలుగేళ్లపాటు రాజ్యం నుంచి రాజ్యానికి తిరిగాడు. సలహా అడిగిన రాజులున్నారు, అధికారం ఇచ్చిన రాజు లేడు. చివరికి ఊరు చేరి, పాఠాలు చెప్పుకుంటూ క్రీ.పూ. 479లో పోయాడు. లౌకికంగా చూస్తే ఓడిపోయిన మనిషి.

ఆయన సాధనకు రెండు కొసలు. ఒకటి రెన్, సాటి మనిషి పట్ల ఆర్ద్రత. రెండోది లీ, అంటే పూజ దగ్గర నుంచి పలకరింపు దాకా మనిషి పాటించే క్రమం. శిష్యులు కూర్చిన సంభాషణల గ్రంథంలో ఒక చిన్న ఘట్టం ఉంది. అంధుడైన ఒక సంగీత విద్వాంసుడు ఆయన్ని చూడడానికి వచ్చాడు. మెట్టు రాగానే కన్ఫ్యూషియస్ ఇది మెట్టని చెప్పాడు, చాప దగ్గరికి రాగానే ఇది చాపని చెప్పాడు. అందరూ కూర్చున్నాక ఫలానా వారు ఇక్కడ, ఫలానా వారు అక్కడ అని ఒక్కొక్కరినీ చూపించాడు. అతను వెళ్లిపోయాక శిష్యుడు అడిగాడు, విద్వాంసులతో మాట్లాడే పద్ధతి ఇదేనా అని. ఇదేనన్నాడు గురువు. కన్ఫ్యూషియస్ మతం మొత్తం ఈ గదిలో ఉంది. దయ మనసులో ఉంటే చాలదు, మెట్టు దగ్గర నోరు తెరిచి చెప్పాలి. చెప్పగా చెప్పగా అది స్వభావం అవుతుంది.

గుర్రపుశాల కాలిపోయిన రోజున ఆయన ఇంటికి రాగానే మనుషులకేమైనా అయిందా అని అడిగాడు, గుర్రాల మాట ఎత్తలేదు. గుర్రం అంటే ఆస్తి అయిన కాలం అది. తల్లిదండ్రులకు తిండి పెట్టడమే సేవ అనుకునేవారిని కుక్కకూ గుర్రానికీ కూడా పెడుతున్నాం కదా అని నిలదీశాడు. ఈ మాట మన వృద్ధాశ్రమాల కాలానికి బాగానే తగులుతుంది. ఇంకో చోట త్సాయ్ వో అనే శిష్యుడు వాదానికి దిగాడు: తల్లిదండ్రులు పోతే మూడేళ్లు మైల పట్టడం దండగ, ఏడాది చాలదా అని. మంచి బియ్యం తిని, పట్టుబట్ట కట్టి నీ మనసు కుదురుగా ఉంటే అలాగే చెయ్యమన్నాడు గురువు. అతను వెళ్లాక మిగతావాళ్లతో అన్నదేమిటంటే, ఏ బిడ్డయినా మూడేళ్ల దాకా తల్లిదండ్రుల చేతుల్లోంచి దిగడు అని. నియమం వెనక ఉన్న లెక్క అదీ.

దేవుళ్ల గురించీ, చావు తర్వాతి సంగతుల గురించీ ఆయన మాట దాటేసేవాడు. బతకడమే సరిగ్గా తెలియనప్పుడు చావు గురించి ఏం తెలుస్తుందన్నది ఆయన జవాబు. శిష్యుడు త్సెంగ్ త్సు రోజూ మూడు విషయాల్లో తనను తాను పరీక్షించుకునేవాడు: ఒకరి పని నెత్తినేసుకుని మనస్ఫూర్తిగా చేశానా, స్నేహితుడికిచ్చిన మాట నిలుపుకున్నానా, నేర్చుకున్నది ఆచరించానా. ధ్యానం అనదగ్గది ఈ మార్గంలో ఏదైనా ఉంటే మొదట్లో ఇదే. కళ్లు మూసుకుని చేసేది కాదు, నలుగురిలో తిరిగొచ్చాక చేసేది.

దీని పాపం కూడా చెప్పుకోవాలి. క్రీ.పూ. 124లో హాన్ చక్రవర్తి వూ ఈ మార్గపు గ్రంథాలు బోధించే రాజవిద్యాలయం పెట్టాడు. ఆ తర్వాతి కాలంలో ఉద్యోగ పరీక్షలన్నీ వీటి చుట్టూనే తిరిగాయి. అవి 1905 దాకా సాగాయి. రైతుబిడ్డ అధికారి కాగల దారి తెరిచిన మాట నిజమే. ఆ దారి ఆడవాళ్లకు లేదన్నదీ నిజమే. లీ అన్నది కోడలి మీద అత్త కర్రగా, కొడుకు మీద తండ్రి సంకెలగా మారింది. 1918లో లూ షున్ రాసిన పిచ్చివాడి డైరీ కథలో ఈ నీతి గ్రంథాల పంక్తుల మధ్య నరమాంస భక్షణే కనబడుతుంది. 1966లో రెడ్ గార్డులు చూఫూలో కన్ఫ్యూషియస్ వంశీకుల సమాధులు తవ్విపోశారు. 1994లో అదే చోటు యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

మనిషిని క్రమంలో పెడదామన్నవాళ్లను చూసి నవ్వినవాళ్లు తావో వాదులు. వాళ్ల మూలసూత్రం వూ వేయ్. దీన్ని ఏమీ చేయకుండా కూర్చోవడమని చెప్పేవాళ్లు ఆ వాదుల్లో ఒకడైన జువాంగ్జీ రాసిన కసాయి కథ చదవలేదన్నమాట. తింగ్ అనే వంటవాడు రాజు ముందు ఎద్దును కోస్తున్నాడు. మామూలు కసాయి నెలకో కత్తి మారుస్తాడు, పనితనం ఉన్నవాడు ఏడాదికో కత్తి. తింగ్ కత్తి పందొమ్మిదేళ్లుగా ఒకటే, అంచు ఇప్పుడే సానపట్టినట్టుంది. కీళ్ల మధ్య సందు ఉంది, కత్తి అంచుకు మందం లేదు, అందుకే ఎముకను నరకాల్సిన పని రాదంటాడు. చిక్కు ముడి వచ్చిన చోట చూపు నిలిపి, చెయ్యి నిదానిస్తాడు. వేలకొద్దీ ఎడ్లు కోసిన చేతికి గాని ఈ సులువు రాదు. వూ వేయ్ అంటే ఆ సందును కనిపెట్టడం. నీరు పల్లాన్ని వెతుక్కున్నట్టు, పని తన దారిన తాను సాగేలా చూడడం.

మరో సాధన కూర్చుని మరిచిపోవడం. జువాంగ్జీ కొంటెతనం చూడండి, దీన్ని కన్ఫ్యూషియస్ ప్రియశిష్యుడు యెన్ హుయ్ నోటనే చెప్పించాడు. దయాధర్మాలు మరిచాను, లీ మరిచాను, చివరికి దేహాన్నీ తెలివినీ వదిలి కూర్చున్నానని శిష్యుడు చెబితే, గురువే లేచి నన్ను శిష్యుడిగా తీసుకోమని అడుగుతాడు. ఎదుటి పక్షం గురువునే తన కథలో పాత్రగా చేసి ఇంత చనువుగా ఆటపట్టించిన తత్వవేత్త నాకు ఇంకొకరు తెలియరు.

ఈ తాత్విక ధార పక్కనే గుళ్లూ పూజారులూ ఉన్న తావో మతం వేరుగా పెరిగింది. క్రీ.శ. 142లో సిచువాన్‌లో జాంగ్ తావోలింగ్‌కు లావోత్సే దైవంగా దర్శనమిచ్చాడన్నది దాని ఆరంభ కథ. రోగం వస్తే చేసిన తప్పులు ఒప్పుకోవాలి, ప్రతి కుటుంబం అయిదు కుంచాల ధాన్యం ఇవ్వాలి. ఆ తర్వాత అమరత్వం కోసం పాదరసంతో, సీసంతో మందులు కాచారు. అవి మింగి పోయిన చక్రవర్తులు ఒకరిద్దరు కాదు. పొయ్యి బయట కాదు, దేహంలోనే ఉందని, ఊపిరితోనే ఆ రసాన్ని కాచాలని తేల్చుకోవడానికి శతాబ్దాలు పట్టింది.

బౌద్ధం చైనాలో అడుగుపెట్టింది ఆ ఊపిరి దారిలోనే. దుఃఖం, దాని కారణం, నివారణ, మార్గం అన్న నాలుగు సత్యాలు తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పనక్కర్లేదు. క్రీ.శ. 148లో పార్థియా నుంచి లోయాంగ్‌కు వచ్చిన ఆన్ షిగావో మొదటగా అనువదించిన వాటిలో ఆనాపానసతి గ్రంథం ఉంది. ఊపిరి లెక్కపెట్టడం, పొడుగ్గా వస్తే పొడుగని, పొట్టిగా వస్తే పొట్టని గమనించడం. ఇది మన విద్యే కదా అనుకున్నారు తావో సాధకులు. పైకి చూస్తే నిజమే. కానీ తావో సాధకుడు ఊపిరిని కూడబెడతాడు, ఆయువు పెంచుకోవడానికి. బౌద్ధుడు ఊపిరిని చూసి ఊరుకుంటాడు, దాచుకోదగ్గది ఏదీ లేదని తెలుసుకోవడానికి. చేసే పని ఒకటే, చేరే చోటు వేరు.

కన్ఫ్యూషియస్ వాదుల అభ్యంతరం ఇంకా గట్టిది. తల్లిదండ్రులిచ్చిన దేహం కదా, తల గొరిగించుకోవడమేమిటి? పెళ్లి మానేస్తే పితరులకు ధూపం వేసేదెవరు? బౌద్ధులు వాదన కన్నా కథను నమ్ముకున్నారు. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు ప్రేతలోకంలో ఆకలితో అలమటిస్తున్న తల్లిని సంఘానికి దానం చేసి విడిపించిన కథ చైనాలో ఇంటింటికీ పాకింది. ఏడో చాంద్రమాసం 15వ రోజు ప్రేతాల పండుగ దాని ఫలమే. తావో పంచాంగంలోనూ ఆ రోజు పండుగే. బిచ్చమెత్తడం సోమరితనమన్న నిందకు తొమ్మిదో శతాబ్దపు మొదట్లో చాన్ అనే బౌద్ధ ధ్యాన శాఖ గురువు పాయ్‌జాంగ్ పలుగూ పారా పట్టి జవాబిచ్చాడు. ముసలితనంలో శిష్యులు జాలిపడి ఆయన పనిముట్లు దాచేస్తే ఆ రోజు అన్నం ముట్టలేదట.

మన నేలకూ ఇందులో వాటా ఉంది. కృష్ణా తీరంతో సంప్రదాయం ముడిపెట్టే నాగార్జునుడి మాధ్యమిక గ్రంథాలను, క్రీ.శ. 401లో చాంగాన్ చేరిన కుమారజీవుడు చైనా భాషలోకి తెచ్చాడు. వాటి మీద ఒక శాఖే నిలబడింది. ఏడో శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకంలో కొన్ని నెలలు ఆగి శాస్త్రాలు చదువుకున్నాడు. తిరిగి వెళ్లాక చక్రవర్తి ఆజ్ఞ మీద తావో తే చింగ్‌ను సంస్కృతంలోకి మార్చడానికి కూర్చుని, తావో పండితులతో మాట మాటకూ తగాదా పడ్డాడు.

తగాదాలు మాటలతోనే ఆగలేదు. కనుమ దాటిన లావోత్సే భారతదేశం చేరి, అక్కడివారిని దారిలో పెట్టడానికే బౌద్ధం బోధించాడని తావో వాదులు ఒక గ్రంథమే పుట్టించారు. లావోత్సే, కన్ఫ్యూషియస్ ఇద్దరూ బుద్ధుడు పంపిన బోధిసత్త్వులని బౌద్ధులు ఎదురు రాశారు. ఆ తావో గ్రంథాన్ని కుబ్లాయ్ ఖాన్ 1281లో తగలబెట్టించాడు. అంతకుముందు 845లో తాంగ్ చక్రవర్తి వూజోంగ్ 4,600 బౌద్ధ ఆరామాలు కూల్చి, 2,60,500 మంది భిక్షువులనూ భిక్షుణులనూ సంసారాల్లోకి తోలాడు. తావో భక్తుడైన ఆ చక్రవర్తి మరుసటి ఏడే అమృతపు మాత్రలు మింగి పోయాడు. వేలాడే గుడిలోని సామరస్యం ఉచితంగా వచ్చింది కాదు.

అయినా సాధకులు పాలకులకన్నా తెలివైనవాళ్లు. 12వ శతాబ్దంలో చువాన్‌జెన్ అనే తావో శాఖను మొదలుపెట్టిన వాంగ్ చోంగ్‌యాంగ్ తన శిష్యులకు మూడు పుస్తకాలు చేతికిచ్చాడు: తావో తే చింగ్, బౌద్ధుల ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం, కన్ఫ్యూషియస్ వాదుల పితృభక్తి గ్రంథం. అదే శతాబ్దంలో బౌద్ధాన్ని ఘాటుగా ఖండించిన కన్ఫ్యూషియస్ వాది జూ షీ తన విద్యార్థులను మాత్రం సగం రోజు చదవమని, సగం రోజు మౌనంగా కూర్చోమని చెప్పాడు. ఆ కూర్చోవడం ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు, ఆయనకు కూడా.

చదవాలనుకునేవారికి ఒక మాట. తావో తే చింగ్‌తో మొదలుపెట్టకండి. పొట్టిగా ఉంటుంది కాబట్టి సులువనిపిస్తుంది, ఎటు తిప్పితే అటు అర్థమిస్తుంది. కన్ఫ్యూషియస్ సంభాషణల్లో పదో అధ్యాయం, జువాంగ్జీలో మూడో అధ్యాయం, మజ్ఝిమనికాయంలో సతిపట్ఠాన సుత్తం ముందు చదవండి. ఒక్క ఆదివారం మధ్యాహ్నం చాలు.