పెద్దకూరకు ఎన్ని పేర్లు

మా అవ్వ మంచంల పడ్డప్పుడు, నోటికేమీ రుచించక “ఇన్ని తునకలు పులుసు పెట్టుండ్రిరా” అన్నది. పక్కన కూసున్న నా బిడ్డ నా మొకం చూసింది. “నాయినమ్మ ఏం అడుగుతుంది నాయినా? తునకలంటే ఏంది?”

నా బిడ్డ గొడ్డుకూర తినని పిల్ల కాదు. యూనివర్సిటీలో చదువుతుంది. హోటల్‌కు పోతే బీఫ్ బిర్యానీ అని గట్టిగానే చెప్తది. ఒకే ఇల్లు, ఒకే కూర. అయినా అవ్వ మాట మనుమరాలికి అందలేదు.

భాషా పండితులు దీన్ని తేలిగ్గా తేల్చేస్తారు. వాడుక మాటలు బట్టల్లాంటివట, పాతవి పోతయి, కొత్తవి వస్తయట. మా వాడ మాటలు అట్ల పాతబడలేదు. వాటిని ఊరు పాతిపెట్టింది.

వాడలో మేం ‘గొడ్డుకూర’ అనే అనేవాళ్లం. వాడ దాటితే ‘పెద్దకూర’. బస్సులో పక్కనోడికి తెలవొద్దని అన్న మాట అది. కొన్నాళ్లకు ఊరికి అదీ తెలిసిపోయింది. “పెద్దకూర తినెటోళ్లు” అని మూతి తిప్పుడు మొదలైంది. దాచుకోవడానికి వాడిన మాటే తిట్టయింది. హైదరాబాద్ హాస్టల్‌కు వచ్చినంక ముస్లిం దోస్తుల దగ్గర ‘బడేకా’ నేర్చుకున్న. ఆ మాట అంటే ఎవడూ నా కులం అడగలేదు. పెండ్లయి అద్దె ఇంట్లకు మారినంక, ఇంటామె గిన్నె దిక్కు చూసి “ఏం కూర?” అంటే ‘మటన్’ అన్న. చదువుకున్న నేను దానికి పెట్టిన పేరు అది. రాయాలంటే ఇప్పటికీ సిగ్గయితది.

ఇన్ని పేర్లల్ల మా ఇంట్ల ఏ తరమూ అనని మాట ఒకటుంది. ‘గోమాంసం’. అది పత్రికలు రాసే మాట. ఆవును కోయొద్దని ఆంధ్రప్రదేశ్‌లో 1977లోనే చట్టం వచ్చింది. మా కుండల్ల ఉడికింది ఎక్కువగా బర్రె, దున్న. పాలు పిండేటప్పుడు బర్రె, మా కుండలకు వచ్చేసరికి గోవు ఎట్లయితది? మా కథల్లో ‘తునకలు’ అని రాస్తే కింద అర్థం ఇవ్వమంటారు. గోమాంసానికి ఎవరూ అర్థం అడగరు.

కొందరు విమర్శకులు మా మాటల్లో మట్టివాసన ఉందని మెచ్చుకుంటారు. తునకల్ల ఉన్నది ఆకలి వాసన. అవ్వ చిన్ననాడు చచ్చిన గొడ్డును కూడా చీరి ఎండేసుకున్నరు. చచ్చిన గొడ్డును తినొద్దని అంబేద్కర్ 1927లో మహద్ సభలో చెప్పిండు. అందుకని ఆ మాటను నేను ముద్దు చేయలేను. మరిచిపోనూ లేను.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు ‘పెద్దకూర పండుగ’ చేసిండ్రు. గొడవలు జరిగినయి, పోలీసులొచ్చిండ్రు. అయినా ఇన్నేండ్లు గుసగుసగా అన్న మాట ఆనాడు అందరి ముందట పలికింది. 2015లో దాద్రి దగ్గర మహమ్మద్ అఖ్లాక్‌ను ఇంట్లోంచి గుంజి చంపిండ్రు. ఆవును కోసి మాంసం దాచిండన్న పుకారు చాలింది. బీఫ్ అనే ఇంగ్లీషు మాటకు కులం లేదనుకున్న నా బిడ్డ, ఈ మధ్య రైల్ల ఫోన్ మాట్లాడుతూ గొంతు తగ్గించి ‘బీ’ అన్నది. పెద్దకూర కాడికే మళ్లీ వచ్చినం.

అవ్వకు తునకలు పెట్టలేకపోయిన. తునకలు ఎండాలంటే ఇంటి ముందట దండెం కావాలె, అందరికీ కనపడేట్టు నాలుగొద్దులు ఎండ కావాలె. ‘మటన్’ అని చెప్పి ఉంటున్న ఇంటి ముందట ఎట్ల ఎండేస్త? ఆ మాట నా బిడ్డకు ఎందుకు అందలేదో అప్పుడు తెలిసింది. మాటకంటె ముందు మా దండెం పోయింది.

చదువుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇండ్లల్ల అవ్వలున్నప్పుడే అడుగుండ్రి. ఏ మాట ఎవరి ముందట అన్నరో, ఎవరి ముందట మింగిన్రో అది కూడా రాసుకోండ్రి. కింద అర్థాలు మాత్రం ఇవ్వకుండ్రి. తెలవనోళ్లు వాడకొచ్చి అడుగుతరు.