పట్టికలో లేని మర

ఎచ్చెర్ల మండలంలో చదువుకునే ఇంజనీరింగ్ పిల్లలకు కొదవ లేదు. ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ, చిలకపాలెంలో శివాని కళాశాల. అక్కడి మెకానికల్ విద్యార్థి డబ్బు పెట్టకుండా త్రీడీ క్యాడ్ నేర్చుకోవాలంటే ముందు తగిలేవి రెండు. విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే ఆటోడెస్క్ ఫ్యూజన్ ఒకటి, సోర్స్ కోడ్‌తో సహా అందరికీ తెరిచి పెట్టిన ఫ్రీక్యాడ్ రెండోది. ఈ రెండింటినీ పోల్చేవాళ్లు సాధారణంగా లైసెన్సు దగ్గర మొదలుపెట్టి మెనూల దగ్గర ఆగుతారు. నేను ఒక స్క్రూ దగ్గర మొదలుపెడతాను. దాని వ్యాసం 0.9 మిల్లీమీటర్లు.

ఎమ్3, ఎమ్4 మరలు క్యాడ్‌లలో సాధారణంగా ఒక్క నొక్కుతో వస్తాయి. ఎమ్1 కన్నా కిందికి దిగితేనే చిక్కు. అక్కడ ఐఎస్ఓ 1501 అనే వేరే ప్రమాణం ఉంది. 0.3 నుంచి 1.4 మిల్లీమీటర్ల దాకా ఉండే ఈ మరలను ‘ఎస్’ వరుస అంటారు. చేతి గడియారాలు, వినికిడి యంత్రాలు, సన్నని కొలత పరికరాలు వీటి ఇల్లు. 1980ల్లో సీకో సాంకేతికతతో హైదరాబాద్ ఆల్విన్ గడియారాలు చేసినప్పుడు ఇంత సన్నని మరలతో తెలుగునేలకు పని పడింది. ఇప్పుడు విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారవుతున్నాయి కాబట్టి ఎచ్చెర్ల కుర్రాడికి రేపు ఇది పరీక్షలో ప్రశ్నగా కాక ఉద్యోగంలో పనిగానే ఎదురు కావచ్చు.

ఎస్0.9 పిచ్, అంటే ఒక చుట్టు నుంచి పక్క చుట్టుకు దూరం, 0.225 మిల్లీమీటర్లు. దీన్ని ఫ్యూజన్‌లో చేర్చడం చూడటానికి సుళువు. థ్రెడ్ కొలతలన్నీ ప్రోగ్రాం ఫోల్డర్‌లో ‘థ్రెడ్‌డేటా’ పేరుతో ఎక్స్ఎంఎల్ ఫైళ్లుగా ఉంటాయి. ఉన్న ఫైలు ఒకటి కాపీ చేసి, పేరు మార్చి, నోట్‌ప్యాడ్‌లో కోణం, పిచ్, మేజర్, పిచ్, మైనర్ వ్యాసాలు, లోపలి థ్రెడ్‌కైతే ట్యాప్ డ్రిల్ కొలత నింపి, ప్రోగ్రాం మూసి మళ్లీ తెరిస్తే మన మర జాబితాలోకి వచ్చేస్తుంది. కోడ్ రాయడం రాని వాడు కూడా గంటలో ముగించవచ్చు. మూసిన సాఫ్ట్‌వేర్ అని మనం విసుక్కునేది తన పట్టికను ఇంత తెరిచి పెట్టడం మెచ్చుకోవలసిందే.

అయితే ఆ ‘కాపీ’ దగ్గరే ప్రమాదం. ఎమ్ వరుస ఫైలును ఆధారం చేసుకున్నవాడు మైనర్ వ్యాసానికి, అంటే మర అడుగున ఉండే వ్యాసానికి, అలవాటైన సూత్రమే వాడతాడు. వ్యాసంలోంచి పిచ్‌కు 1.0825 రెట్లు తీసేస్తే 0.656 వస్తుంది. ఎస్ వరుసలో మర లోతు తక్కువ, తీసేయాల్సింది పిచ్‌కు 0.96 రెట్లే. సరైన కొలత 0.684. తేడా 0.028 మిల్లీమీటర్లు, తలవెంట్రుకలో సగం కూడా లేదు. ఎమ్6లో ఇంత తేడాను లేత్ మీద ఎవరూ పట్టించుకోరు. 0.9లో మాత్రం రంధ్రం ఆ మేరకు ఇరుకై ట్యాప్ మీద భారం పెరుగుతుంది, ఇంత సన్నని ట్యాప్ విరగడానికి ఎక్కువ భారం అక్కర్లేదు. పట్టికకు ఇదంతా పట్టదు. గడిలో అంకె పడితే చాలు, దాన్ని ప్రమాణంతో సమానంగా, అదే అక్షరాల్లో చూపిస్తుంది. తప్పు వరుసకూ ఒప్పు వరుసకూ తెర మీద ఒకటే గౌరవం.

ఫ్రీక్యాడ్ కథ దీనికి దాదాపు తిరగబడి ఉంటుంది. 1.0 దాకా చూసుకుంటే, రంధ్రాలు వేసే హోల్ పనిముట్టులోని థ్రెడ్ పట్టిక సి ప్లస్ ప్లస్ కోడ్ లోపలే ఉంది. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా మార్చవచ్చు. కానీ ఒక్క వరుస చేర్చాలంటే ప్రోగ్రాం మొత్తాన్ని మళ్లీ కంపైల్ చేసుకోవాలి. స్వేచ్ఛ కాగితం మీద పూర్తిగా ఉంది, రెండో సంవత్సరం విద్యార్థి లాప్‌టాప్‌లో లేదు. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. స్క్రూ తల కూర్చునే గుంట కొలతలను జేసన్ ఫైలుగా ఎవరికి వారు చేర్చుకునే వీలు అదే పనిముట్టులో ఉంది. తలకు ఇచ్చిన చనువు మరకు ఇవ్వకపోవడానికి ఇంజనీరింగ్ కారణం నాకైతే కనిపించలేదు.

దారి లేక ఫ్రీక్యాడ్ వాడుకరి చేసేది మరను తనే గీయడం. 2021లో వచ్చిన 0.19 నుంచి పార్ట్ డిజైన్‌లో హెలిక్స్ పనిముట్టు ఉంది. మర కోతను స్కెచ్‌గా గీసి, దాన్ని చుట్టలుగా తిప్పి లోహం నుంచి తీసేయాలి. స్కెచ్ అడుగు వెడల్పు సరిగ్గా పిచ్‌తో సమానమైతే ఒక చుట్టు అంచు పక్క చుట్టును తాకి లెక్క చెడుతుంది, అందుకని 0.225 బదులు 0.22 గీసుకుంటారు. విసుగు పుట్టించే పని, ఒప్పుకుంటాను. కానీ ఇలా గీసినవాడు మర లోతు ఎంత అన్న ప్రశ్నను దాటుకుని పోలేడు. ఫ్యూజన్‌లో కాపీ చేసినవాడు దాటిపోయేది సరిగ్గా ఆ ప్రశ్ననే.

ఆకారం విషయంలోనూ ఈ శ్రమ వృథా కాదు. పాత కొలత పరికరాల్లో దొరికే బ్రిటిష్ అసోసియేషన్ మరలను తీసుకోండి. స్విట్జర్లాండ్ థూరీ మర నుంచి తెచ్చి 1884లో ప్రతిపాదించిన వరుస అది. సున్నా నంబరు వ్యాసం 6 మిల్లీమీటర్లు, పిచ్ 1, ఆ తర్వాత ప్రతి నంబరు పిచ్ ముందుదానికి 0.9 రెట్లు. కోణం 47.5 డిగ్రీలు. కోణాన్ని ఫ్యూజన్ ఫైలులో రాయవచ్చు. ఆ మర అంచులు గుండ్రంగా ఉంటాయని అక్కడ నింపే కోణం, పిచ్, వ్యాసాలు చెప్పవు. స్కెచ్‌లో అయితే ఒక వంపు గీస్తే సరి.

ఇక నిలకడ. ఫ్యూజన్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కొత్త ఫోల్డర్‌లో దిగుతుంది, మన ఎక్స్ఎంఎల్ పాతదాంట్లోనే ఉండిపోతుంది. ఫైలును తిరిగి కొత్తచోట పెట్టడానికే థ్రెడ్‌కీపర్ అనే యాడ్-ఇన్ పుట్టిందంటే సమస్య ఎంత మామూలో అర్థమవుతుంది. అదే ఆటోడెస్క్ వారి ఇన్వెంటర్‌లో థ్రెడ్ పట్టిక ఎక్సెల్ ఫైలు. దాన్ని ఆఫీసంతా పంచుకునే డిజైన్ డేటా ఫోల్డర్‌లో పెట్టుకోవచ్చు. సొంత ఇంట్లో ఉన్న మర్యాద ఫ్యూజన్‌కు రాలేదు. ఫ్రీక్యాడ్‌లో పిచ్, లోతు సూత్రాలను స్ప్రెడ్‌షీట్‌లో రాసి స్కెచ్‌కు ముడిపెడితే అవి డ్రాయింగ్ ఫైలులోనే ఉంటాయి. ఆ ఫైలును మిత్రుడికి పంపితే లెక్క కూడా వెంట పోతుంది. ఫ్యూజన్‌లో ఆ లెక్క మన కంప్యూటర్ దాటదు, ఎక్స్ఎంఎల్‌ను విడిగా పంపితే తప్ప.

అందుకే ఎస్0.9 వరకూ నా ఓటు ఫ్రీక్యాడ్‌కు, కాస్త అయిష్టంగా. ఒక్క చోట మాత్రం ఫ్యూజన్‌ది పైచేయి, అది చిన్న విషయం కాదు. తయారీకి చుట్టలన్నీ మోడల్ చేసిన మర అవసరం లేదు. 0.4 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న త్రీడీ ప్రింటర్ 0.225 పిచ్‌ను ఎలాగూ తీయలేదు. వర్క్‌షాపుకు కావలసింది ‘ఎస్0.9, డ్రిల్ 0.7’ అన్న నాలుగు ముక్కలు. ఫ్యూజన్‌లో పట్టికలో రాసిన మర పేరు హోల్ పనిముట్టు ద్వారా డ్రాయింగ్ మీదికి తనంతట తనే వస్తుంది. ఫ్రీక్యాడ్‌లో చేత్తో గీసిన చుట్టలకు పేరు ఉండదు, డ్రాయింగ్‌లు చేసే టెక్‌డ్రా పేజీ మీద మనమే టైపు చేయాలి. మర లోతు గురించి అంత జాగ్రత్త పడినవాడు ఇక్కడ 0.9 బదులు 0.8 కొడితే, దాన్ని పట్టుకునేది ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏదీ లేదు.