దారానికి అందని దూరం

రెండు విమానాశ్రయాల పేర్లు చెవినపడితే చాలు, వాటి మధ్య దూరమెంతో కాగితం మీద లెక్కగట్టి చూడటం నాకో అలవాటు. ఫోన్‌ని అడిగితే క్షణంలో చెబుతుంది. కానీ ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పదు. నాకు రుచి ఆ 'ఎలా'లోనే.

ఈ వారం స్వాల్‌బార్డ్ మీద పడ్డాను. నార్వేకి ఉత్తరాన, ఆర్కిటిక్‌లోని ద్వీపాలివి. ఊరికీ ఊరికీ మధ్య రోడ్లుండవు. పెద్ద ఊరు లాంగ్‌యియర్‌బ్యెన్. దానికి వాయవ్యంగా న్యూ ఆలెసుండ్. ఒకప్పుడు బొగ్గు గనులు, ఇప్పుడు పరిశోధన కేంద్రాలు. మన దేశం 2008లో 'హిమాద్రి' కేంద్రాన్ని తెరిచింది అక్కడే.

దగ్గరి దారి కావాలంటే గ్లోబు మీద దారం బిగించి కొలవడం పాత పద్ధతి. అయితే నా బల్ల మీది గ్లోబులో ఈ రెండు ఊళ్ల మధ్య మూడు మిల్లీమీటర్లు కూడా లేవు. ఇక లెక్కే దిక్కు.

అక్షాంశంలో తేడా 0.68 డిగ్రీ. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 76 కిలోమీటర్లు. రేఖాంశంలో తేడా 3.6 డిగ్రీలు. దీన్నీ 111తో గుణిస్తే 400, మొత్తం దూరం 400 దాటిపోతుంది. అసలు మెలిక ఇక్కడే ఉంది. రేఖాంశాలు గొడుగు ఊచల్లాంటివి, ధ్రువం వైపు వెళ్లేకొద్దీ దగ్గరపడతాయి. హైదరాబాద్ దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ 106 కిలోమీటర్లుంటే, 78వ అక్షాంశం దాటాక 22 మాత్రమే. అంటే తూర్పు పడమరలుగా 79 కిలోమీటర్లు. 76నీ 79నీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే సుమారు 110.

దూరం తేలింది. మరి సమయం? ఈ దారిలో తిరిగేది డోర్నియర్ 228. జర్మన్ల డిజైన్, మన కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ కూడా తయారుచేసే విమానమే. గంటకు 400 కిలోమీటర్లు అనుకుంటే 110కి పదహారు, పదిహేడు నిమిషాలు. నిజానికి పట్టేది ఇరవై అయిదు దాకా. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు అంత వేగం ఉండదు. దిగే ముందు రన్‌వేకి ఎదురుగా మళ్లాలి. దారి పొట్టిదయ్యేకొద్దీ ఈ అదనపు నిమిషాల వాటా పెరుగుతుంది.

పొడవు దారిలో మాత్రం పెత్తనం గాలిది. లాంగ్‌యియర్‌బ్యెన్ నుంచి నార్వే ప్రధాన భూభాగంలోని ట్రోమ్సోకి దాదాపు 960 కిలోమీటర్లు. జెట్ వేగం గంటకు 780 అనుకుందాం. గంటకు వంద కిలోమీటర్ల ఎదురుగాలిలో 85 నిమిషాలు, అదే గాలి వెనకనుంచి తోస్తే 65. పోనూ రానూ కలిసి సరిపోతాయనుకుంటాం కానీ, సరిపోవు. గాలే లేకుంటే రెండువైపులా కలిపి 148 నిమిషాలు, ఈ గాలిలో 150. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి పోయిందంతా తిరిగి రాదు.

అందుకే నా కాగితం మీద దూరానికి ఒక అంకె, సమయానికి రెండు అంకెలు రాసుకుంటాను. ప్రయాణ సమయం ఇంతేనని ఎవరైనా ఒక్క అంకె చెబితే, గాలి ఎటునుంచో అడగండి.