పాటుపడిన బళ్ళు

పాత మోటారు బళ్ళ విలువను చాలాకాలంగా వాటి యజమానుల హోదాతోనే కొలుస్తున్నాం. మహారాజుల రోల్స్‌రాయిస్‌లకు, హాలీవుడ్ తారల డ్యూసెన్‌బర్గ్‌లకు ప్రదర్శనశాలల్లో అగ్రస్థానం దక్కుతుంది. బస్తాలు, పాలక్యాన్లు మోసిన బళ్ళు తుక్కు కింద అమ్ముడైపోతాయి. ఈ లెక్కను తిరగరాస్తున్నవారిలో అమెరికాలో రోడ్‌స్టర్ పికప్పులను పునరుద్ధరించే ఔత్సాహికులు ఉన్నారు. ముందు ఇద్దరు కూర్చునే సీటు, పైన కాన్వాసు టాపు, కిటికీ అద్దాల బదులు పక్కలకు తగిలించుకునే తెరలు, వెనక సరుకు వేసుకునే ఇనుప తొట్టి. రోడ్‌స్టర్ పికప్ అంటే ఇంతే. 1920ల్లో, 30ల్లో అమెరికా రైతులు, వడ్రంగులు, చిన్న దుకాణదారులు దీన్ని పనిముట్టుగా కొన్నారు. అందుకే దీన్ని బాగుచేయడమంటే ఒళ్ళొంచి బతికినవాళ్ళ చరిత్రను నిలబెట్టడమే. ఆ చరిత్ర నిజాయితీగా మిగలాలంటే బండిలోని అసలు భాగాలతోపాటు దాన్ని తయారుచేసిన పనితనాన్ని కూడా కాపాడుకోవాలి.

ఈ బండి పుట్టుకే అవసరంలోంచి వచ్చింది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారు వెనకభాగాన్ని తీసేసి సరుకుల పెట్టె బిగించుకోవడం కొన్నవాళ్ళు, చిన్నచిన్న బాడీ కంపెనీలు మొదలుపెట్టిన పని. జనం ఎలాగూ చేసుకుంటున్నదాన్ని ఫోర్డ్ కంపెనీ 1925 ఏప్రిల్‌లో తానే తయారుచేసి, ‘మోడల్ టీ రనబౌట్ విత్ పికప్ బాడీ’ పేరుతో 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. 20 హార్స్‌పవర్ ఇంజను, బరువుకు తట్టుకునే వెనక కమాను కట్టలు, కిందికి దించుకునే వెనక తలుపుతో వచ్చిన ఆ బళ్ళు తొలి ఏడాదిలోనే దాదాపు 34 వేలు అమ్ముడయ్యాయి. ఆ తర్వాత 40 హార్స్‌పవర్ మోడల్ ఏలో ‘ఓపెన్ క్యాబ్ పికప్’ వచ్చింది. షెవర్లే 1930లో ఇండియానాపోలిస్‌లోని మార్టిన్-ప్యారీ బాడీల కంపెనీని కొని, పికప్పులను పూర్తిగా తానే తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. అయితే తలుపులు, అద్దాలు ఉన్న మూసిన క్యాబ్ అందుబాటులోకి వచ్చాక చలికీ వానకూ ఒళ్ళప్పగించాల్సిన బండిని అడిగేవారు తగ్గిపోయారు. 1932 నాటి ఫోర్డ్ ఓపెన్ క్యాబ్ పికప్పులు కొన్ని వందలకు మించలేదు.

వేలల్లో తయారైనవి కూడా ఇవాళ అరుదైపోవడానికి కారణం వాటిమీద పడిన చాకిరీ. ఖరీదైన కారును యజమాని షెడ్డులో దాచుకుంటాడు. పనిబండికి ఆ భాగ్యం లేదు. తొట్టి సొట్టలు పోయి, అడుగున తుప్పు పట్టి, టాపు చిరిగిపోయేదాకా దాన్ని వాడారు. 1942లో యుద్ధం కోసం అమెరికా అంతటా పాత ఇనుము పోగుచేసినప్పుడు ఇలాంటి బళ్ళు ఎన్నో కొలిమి పాలయ్యాయి. యుద్ధం ముగిశాక హాట్‌రాడ్ కుర్రకారు మిగిలినవాటిని కోసి, కుదించి, పెద్ద ఇంజన్లు బిగించి పరుగుపందేలకు తీసుకెళ్ళారు. ఇన్ని గండాలు దాటి నిలిచిన ఒక్కో బండీ ఒక దస్తావేజుతో సమానం. దాని తొట్టిలోని గీతలు, యజమాని స్వయంగా వేసుకున్న అతుకులు ఏ పుస్తకంలోనూ నమోదు కాని శ్రమను చెబుతాయి.

పునరుద్ధరణలోని పనితనం ఎంత లోతైనదో ఇంజను బేరింగులు చూస్తే తెలుస్తుంది. మోడల్ ఏ ఇంజనులో క్రాంక్‌షాఫ్టును మోసే మూడు ప్రధాన బేరింగులు విడిగా కొని తొడిగేవి కావు. తగరంలో యాంటిమొని, రాగి కలిసిన బాబిట్ లోహాన్ని కరిగించి, ఇంజను దిమ్మలోనే నేరుగా పోత పోస్తారు. దిమ్మను ముందుగా వేడిచేయాలి, లేకపోతే లోహం సరిగా పట్టుకోదు. కరిగిన లోహంలో పైన్ పుల్ల ముంచితే అది మండకుండా నల్లబడాలి, అదే వేడికి గుర్తు. పోత చల్లారాక మూడు బేరింగులనూ ఒకే వరుసలో బోరింగ్ చేసి, మూతల కింద షిమ్ములనే పలచని రేకులు పెడతారు. ఆ షిమ్ములు ఎందుకో ఆలోచిస్తే బండిని రూపొందించినవారి ఉద్దేశం అర్థమవుతుంది. బేరింగు అరిగి శబ్దం వస్తే ఒక షిమ్ము తీసేసి మళ్ళీ బిగిస్తే చాలు. పట్నానికి దూరంగా ఉన్న రైతు తన కొట్టంలోనే ఆ పని చేసుకోగలడు. పెట్రోలు ట్యాంకు ఇంజను కన్నా ఎత్తులో ఉండి, పంపు అవసరం లేకుండా ఇంధనం తనంతట తానే కిందికి దిగడంలోనూ ఇదే ఆలోచన ఉంది. వాడేవాడే బాగుచేసుకోగల యంత్రం ఎలా ఉంటుందో ఈ బండి చూపిస్తుంది.

బాడీ పని ఇంకా ఓపిక కోరుతుంది. ఆనాటి షెవర్లే క్యాబుల్లో రేకు కింద యాష్ కర్రతో చేసిన చట్రం ఉంటుంది. అది పుచ్చిపోతే పాత ముక్కలనే నమూనాగా పెట్టుకుని కొత్త కర్రను చెక్కాలి. సొట్టలను పుట్టీతో నింపేయకుండా, వెనక దిమ్మ ఆనించి ముందు నుంచి సుత్తితో కొడుతూ రేకును అసలు వంపులోకి తీసుకురావాలి. ఛాసిస్‌లో రివెట్లు ఉన్నచోట మళ్ళీ రివెట్లే కొట్టాలి. బాడీని పైకి లేపినప్పుడు మోడల్ ఏ ఛాసిస్ మీద చెక్కిన నంబరు కనబడుతుంది, అది ఆ బండి జన్మపత్రిక. డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం సంస్థ దగ్గర ఫోర్డ్ విడిభాగాల అసలు డ్రాయింగులు ఉన్నాయి. మోడల్ ఏ అభిమానుల జాతీయ క్లబ్బులు రెండు కలిసి ఏ నెలలో ఏ భాగం ఎలా మారిందో వివరించే ప్రమాణాలు ప్రచురించాయి. మంచి పునరుద్ధరణలో సగం శ్రమ ఇలా ఆధారాలు వెతకడానికే పోతుంది.

సగం భాగాలు కొత్తవైతే అది పాత బండి ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. మోడల్ ఏ బాడీలు పూర్తిగా కొత్త ఉక్కుతో తయారై దొరుకుతున్న ఈ రోజుల్లో, మామూలు రోడ్‌స్టర్‌కు తొట్టి తగిలించి అరుదైన పికప్‌గా చూపించడం కష్టమేమీ కాదు. దీనికి విరుగుడు వివరంగా రాసిపెట్టడమే. ఏది పాతది, ఏది కొత్తది, ఏ పని ఎవరు చేశారు అన్నది ఫొటోలతో సహా బండితోపాటు సాగాలి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తన టూరిన్ ఛార్టర్‌లో పునరుద్ధరణ కన్నా పరిరక్షణకే పెద్దపీట వేసింది. ఆ మాట పనిబళ్ళకు మరీ వర్తిస్తుంది. ఫ్యాక్టరీలో కూడా ఎన్నడూ లేని మెరుపు పులిమితే బండి అబద్ధం చెబుతుంది. ఇక హాట్‌రాడ్ కూడా సృజనాత్మక సంప్రదాయమే కదా అన్నది మరో మాట. నిజమే, దానికీ చరిత్ర ఉంది. అయితే కొత్త బాడీలు దొరుకుతున్నప్పుడు కొద్దిగా మిగిలిన అసలు బళ్ళను కోయాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఇదంతా డబ్బున్నవారి కాలక్షేపమన్న విమర్శలో కొంత సత్యముంది. ఖర్చుతో కూడిన పనే. కానీ బాబిట్ పోత, రేకుపని, కర్రపని తెలిసినవారికి నేటికీ చేతినిండా పని దొరుకుతున్నది ఈ ఔత్సాహికుల వల్లనే. రెడీమేడ్ బేరింగులు తొడిగించడం సులువని అందరూ అటే మొగ్గితే, ఒక తరంలో ఆ పోత పోసే చేయి ఉండదు. ఈ పనితనాన్ని కళ్ళారా చూసే వీలు మనవారికీ ఉంది. మిషిగన్‌లో తెలుగువారు ఎందరో స్థిరపడ్డారు. డియర్‌బోర్న్ మ్యూజియం, హికరీ కార్నర్స్‌లోని గిల్మోర్ ప్రాంగణంలో ఉన్న మోడల్ ఏ మ్యూజియం వారికి కారులో వెళ్ళగల దూరంలోనే ఉన్నాయి. పిల్లలను తీసుకెళ్ళి ఈ బళ్ళను దగ్గరగా చూపించండి. ఎక్కడైనా పునరుద్ధరించిన పికప్ కనబడితే రంగు చూసి మెచ్చుకునే ముందు, అందులో అసలు ఎంత మిగిలింది, చేసిన పని ఎక్కడ రాసిపెట్టారు అని యజమానిని అడగండి. ఆ రెండు ప్రశ్నలకు జవాబున్న బండే కాపాడదగిన బండి.