ముద్ద నలిగేదాకా

దవడకు ఆపరేషన్ అనగానే ఇంటివాళ్ళు అడిగే మాట ఒక్కటే: "ప్రాణానికేం ఫర్వాలేదు కదండీ?" అడగాల్సిన మాటే. ఆ తర్వాత మనిషి ఏం తింటాడన్నది ఆ రోజు ఎవరికీ తోచదు. కుట్లు మానాక, ముక్కు గొట్టం తీశాక నా దగ్గరికి వస్తారు, కట్టుడు పళ్ళు పెట్టేస్తే అన్నం తినేస్తాడన్న ఆశతో. పళ్ళు పెట్టడమే నా వృత్తి. అయినా చెబుతున్నాను, ఈ దారిలో పళ్ళు వచ్చేది ఆఖరున. అంతకుముందే రోగి నమలడాన్ని మొదటినుంచీ మళ్ళీ నేర్చుకోవాలి.

దవడ కోయించే ఈ నోటి క్యాన్సర్‌కు మన వైపు పొగాకుతో పాత చుట్టరికం. లంక పొగాకు పండేది గోదావరి లంకల్లో. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లో వెలిసింది మన రాజమండ్రిలో. ఉత్తరాన విశాఖ, శ్రీకాకుళం పల్లెల్లో ఆడవాళ్ళు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. అంగిట్లో క్యాన్సర్ వస్తున్నది దానివల్లేనని 1957లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. ఇప్పుడు చుట్టలు తగ్గి గుట్కా, ఖైనీ పెరిగాయి. బుగ్గకూ చిగురుకూ మధ్య వాటిని దాచుకున్న చోటే పుండు లేచి, పక్కనున్న కింది దవడ ఎముకలోకి పాకుతుంది. 2021లో కరోనా వెంట వచ్చిన బ్లాక్ ఫంగస్ ఇంకొందరి పై దవడలు పట్టుకుపోయింది.

ఎముక తీసేసిన చోట కొత్త ఎముక కావాలి. మోకాలి కింద, పెద్ద ఎముక పక్కన సన్నగా ఉండే ఫిబులాను రక్తనాళాలతో సహా తీసి, దవడ వంపుకు తగ్గట్టు కోసి, మెడలోని రక్తనాళాలకు కలిపి కుడతారు. ఈ పద్ధతితో కింది దవడను కట్టవచ్చని న్యూయార్క్ సర్జన్ డేవిడ్ హిడాల్గో 1989లో చూపించాడు. ఒంటి బరువు మోసేది పెద్ద ఎముకే కనుక చాలామంది నడకకు పెద్ద లోటు రాదు. ఆ ఎముకలో తర్వాత ఇంప్లాంట్లు దించి పళ్ళు నిలబెట్టవచ్చు.

అందరికీ ఆ అవకాశం ఉండదు. అంత పెద్ద ఆపరేషన్‌ను తట్టుకునే ఓపిక లేనివాళ్ళకు, సదుపాయం లేని చోట, ఛాతీ కండతో పూడ్చి సరిపెడతారు. అప్పుడు మిగిలిన దవడ కోసిన వైపుకు లాక్కుపోయి పై పళ్ళూ కింది పళ్ళూ కలవవు. మిగిలిన పళ్ళకు రెక్క ఉన్న ప్లేటు కడితే, నోరు మూసేటప్పుడు అది దవడను దారిలో పెడుతుంది. మచ్చ బిగిసిపోకముందే ఈ పని మొదలవ్వాలి.

నమిలేది పళ్ళతోనే అనుకుంటాం గానీ, ముద్దను పళ్ళ మధ్యకు తోసేది నాలుక. జారకుండా కాసేది బుగ్గ, బయటికి రాకుండా ఆపేది పెదవి. ఆపరేషన్ తర్వాత నాలుక సరిగ్గా కదలకపోవచ్చు. దవడలోని నరం తెగితే కింది పెదవికి స్పర్శ ఉండదు, మెతుకు గడ్డం మీదికి జారినా తెలియదు. అందుకే మొదట్లో అద్దం ముందు కూర్చుని తినమంటాం. పెదవికి తెలియనిది కన్ను చూసి చెబుతుంది.

దానికి తోడు రేడియేషన్. మనవాళ్ళ మాటలో "కరెంటు పెట్టడం". దాంతో లాలాజలం ఎండిపోతుంది, దవడ కండలు బిగుస్తాయి. మూడు వేళ్ళు పట్టే నోట్లో ఒక వేలు పట్టడమే గగనమవుతుంది. ఐస్‌క్రీమ్ పుల్లల్ని దొంతరగా పళ్ళ మధ్య పెట్టి, నోరు సాగిన కొద్దీ ఒక్కొక్క పుల్లా పెంచుకుంటూ పోవడం చవకైన వ్యాయామం. నొప్పి, విసుగు రెండూ ఉంటాయి. ఇంట్లో ఒకరు రోజూ పక్కన కూర్చుంటేనే అది సాగుతుంది.

ఇక తిండి. ఆసుపత్రి కాగితం మీద "మెత్తటి ఆహారం" అని రాసి ఊరుకుంటారు. గోదావరి వంటింట్లో మెత్తదనానికి ఎన్ని మెట్లో! మింగడం కుదిరాక చోడిజావ, ఆపైన మెత్తగా పిసికిన పెరుగన్నం, తర్వాత సాంబారులో నానిన ఇడ్లీ, పెసరట్టు తునకలు. దిబ్బరొట్టెలో లోపలి మెత్తటి భాగం ముందు, కరకరలాడే చెక్కు చాలా తర్వాత. నోట్లో వేస్తే కరుగుతాయని చుట్టాలు ఆత్రేయపురం పూతరేకులు తెస్తారు. తడి లేని నోట్లో ఆ రేకు అంగిటికి అతుక్కుంటుంది. పైగా లాలాజలం కాపు లేని పళ్ళు తీపికి ఇట్టే పుచ్చిపోతాయి. పులస చేప సంగతి వేరే చెప్పాలా? స్పర్శ లేని నోరు ముల్లును పట్టలేదు. పులుసు వరకూ సరేనంటాను, ముక్క ఆగాలి.

నమిలే శక్తిని కొలవడానికి 1950లో మాన్లీ, బ్రేలీ అనే పరిశోధకులు వేరుశనగ గుళ్ళు నమిలించి, ఆ పిండిని జల్లెడ పట్టారు. మంచి పరీక్షే. కానీ నలుగురిలో తినడానికి సిగ్గుపడి పెళ్ళి భోజనాలకు వెళ్ళడం మానేసిన మనిషి ఏ జల్లెడకూ దొరకడు. అలాంటివాళ్ళు మళ్ళీ పంక్తిలో కూర్చున్నారా లేదా అన్నది నేను తప్పకుండా అడిగి తెలుసుకుంటాను.

చివరగా ఇంటివాళ్ళకు ఒక మాట. కోతకు ముందే పళ్ళ డాక్టరుకు నోరు చూపించి అచ్చు తీయించండి. పుచ్చు పళ్ళుంటే కరెంటు పెట్టకముందే, గాయం మానే వ్యవధి ఉంచుకుని తీయించండి. కరెంటు పెట్టిన దవడలో ఎప్పుడో పన్ను కదిలితే మాత్రం దగ్గర్లో ఉందని ఏదో క్లినిక్‌కి వెళ్ళి పీకించేయకండి. ఆ ఎముకకు రక్తప్రసరణ తగ్గి ఉంటుంది. ఏళ్ళు గడిచాక కూడా గాయం మానక ఎముక చచ్చిపోవచ్చు, అన్నాళ్ళ సాధనా దాంతోపాటే పోతుంది. ముందు క్యాన్సర్ ఆసుపత్రి ఫైలు చూపించి, ఆ తర్వాతే నోరు తెరవండి.